పెరటి గువ్వ

చదువవలసిన వేదభాగములు: లేవీయకాండము 12:6–8, ద్వితీయోపదేశకాండము 22:6, 7, యిర్మీయా 8:7, లూకా 2:22–24.

ప్రియులారా, ఈ నెల పాఠమునకు మనము దూరపు సంగతి ఎత్తుకొనుట లేదు. మన పెరటిలో గింజలేరుకొను గువ్వనుగూర్చి నేర్చుకొందము. గువ్వను ఎరుగనివారు మనలో లేరు. అయినను ఎరుగుట వేరు, చూచుట వేరు. మేము గ్రామములలో పెద్దలను పిన్నలను మూడు ప్రశ్నలు అడుగుచుందుము. గువ్వ నీళ్లు ఎట్లు త్రాగును? పట్టపగలు గుడ్లమీద కూర్చుండునది ఆడదా, మగదా? పిల్ల పుట్టిన మొదటి దినమున దానికి ఏమి తినిపించును? పశువుల సంగతియు కోళ్ల సంగతియు తడుముకొనక చెప్పగలవారు కూడ ఈ మూటికి జవాబు చెప్పుట అరుదు.

ఈ మూడు జవాబులును మనకు పనికివచ్చునవే. వేదములో గువ్వ అనేక స్థలములలో కనబడుచున్నది. అది ఎట్టి పక్షియో తెలిసినవానికి ఆ భాగములు మరింత తేటపడును. అంతేకాదు, ఈ పక్షి కాపురము ఎంత సన్నని దారముమీద వ్రేలాడుచున్నదో తెలిసినయెడల మన పిల్లవాని చేతిలోని ఉండేలును, మన చేతిలోని మందు విత్తనమును మనము మరియొక కన్నుతో చూతుము.

1. ఏ గువ్వ?

మన ప్రాంతములలో ముఖ్యముగా నాలుగు విధముల గువ్వలు కలవు. మొదటిది పెద్దది, బూడిదరంగుది. మెడ వెనుక అర్ధచంద్రునివలె నల్లని గీత ఉండును. పొలములలోను, తుమ్మచెట్లమీదను, కరెంటు తీగలమీదను కనబడును. రెండవదానికి మెడ వెనుక నల్లని మచ్చయు, ఆ మచ్చమీద తెల్లని చుక్కలును ఉండును. చెట్లు దట్టముగానున్న తోటలలో ఇది ఎక్కువ. మూడవది పొట్టిది, మగదాని ఒళ్లు ఇటుకరంగు, తల బూడిదరంగు. నాలుగవది సన్ననిది, తోక పొడవుది, మనుష్యుల యిండ్లకు మిక్కిలి చేరువగా నుండునది. దీనిని కొన్నిచోట్ల చిట్టి బెళ్ళగువ్వ అందురు. అనేకచోట్ల ఊరకే గువ్వ అందురు. ఈ పాఠము ఈ నాలుగవదానిని గూర్చినది.

ఇంగ్లీషువారు దీనికి పెట్టిన పేరునకు నవ్వు గువ్వ అని అర్థము. దాని కూత ఎవరో గొంతులో నవ్వుకొన్నట్లుండును గనుక ఆ పేరు వచ్చెను. స్వీడను దేశపు లిన్నేయసు అను శాస్త్రజ్ఞుడు 1766లో ఆఫ్రికాలోని సెనెగల్ దేశపు పేరు చేర్చి దీనికి శాస్త్రనామము నిచ్చెను. ఆఫ్రికా మొదలుకొని అరేబియామీదుగా, పాలస్తీనామీదుగా మన దేశమువరకు ఈ జాతి వ్యాపించియున్నది. నేడు యెరూషలేము వీధులలో గింజలేరుకొను చిన్న గువ్వయు, మన మెట్ట గ్రామములలో అరుగు క్రింద నూకలేరుకొను గువ్వయు ఒక్క జాతివే.

2. దాని రూపము

ముక్కు మొననుండి తోక చివరవరకు కొలిచినయెడల సుమారు 26 సెంటీమీటర్లుండును. అనగా జానెడుకు కొంచెము ఎక్కువ. బరువు ఇంచుమించు రెండు కోడిగుడ్ల బరువు. తలయు మెడయు లేత గులాబిరంగు కలిసిన బూడిదవన్నె. గొంతు క్రింద, రొమ్ము పైభాగమున రాగిరంగుమీద నల్లని చుక్కలు అద్దినట్లుండును. దీనిని గుర్తుపట్టుటకు ఇదియే ముఖ్యమైన గురుతు. తక్కిన మూడు జాతులకు గురుతులు మెడ వెనుక ఉండగా దీనికి మాత్రము గురుతు ముందు భాగమున నున్నది.

వీపు మట్టిరంగు, చుక్కలు లేవు. రెక్క అంచున నీలము కలిసిన బూడిదరంగు పట్టీ యుండును. కడుపు తెల్లన. ముక్కు నల్లన, సన్నన. కాళ్లు ఎఱ్ఱన. కూర్చున్నప్పుడు తోక సాదాగా కనబడును గాని, ఎగిరి వాలునప్పుడు తోక విప్పగా ఇరుప్రక్కల ఈకల కొనలు తెల్లగా మెరయును.

ఆడదానికిని మగదానికిని రూపములో మనము చెప్పగలిగినంత భేదము లేదు. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి. పాఠములో ముందుకు పోయినప్పుడు దీని అవసరము కలుగును. పిల్ల గువ్వకు రొమ్ముమీది చుక్కలు ఇంకను ఏర్పడియుండవు. కనుక చుక్కలు లేక, రంగు మాసినట్లున్న గువ్వ కనబడినప్పుడు అది వేరొక జాతియని తలంచక, గూడు విడిచి కొద్దికాలమైన పిల్లయని తెలిసికొనవలెను.

3. కూతయు నడతయు

దీని కూత బిగ్గరగా నుండదు. అయిదారు స్వరములు కలిసి మెల్లగా పైకి పోయి క్రిందికి దిగును. దూరమున చెంబులో నీళ్లు గుడగుడలాడినట్లు వినబడును. తెల్లవారకముందే ఆరంభించి, ఎండ ముదిరిన తరువాత నీడలో కూర్చుండి కూయుచుండును. మన తెలుగులో గువ్వ అను మాట పలికి చూడుడి. ఆ మాటలోనే దాని గొంతు వినబడును.

నేలమీద చిన్న అడుగులతో తల ముందుకు వెనుకకు ఆడించుచు నడచును. సాధారణముగా జంటగానో, నలుగురైదుగురు కూడినట్లు చిన్న గుంపుగానో మేయును. మనిషి సమీపించినప్పుడు వెంటనే ఎగిరిపోదు. నాలుగడుగులు ప్రక్కకు నడిచి చూచును. నమ్మకము చాలనియెడల రెక్కలు టపటపలాడించుచు లేచి దగ్గరి కొమ్మమీదనే వాలును. మగది ఆడదానియెదుట తల వంచి వంచి కూయును. మరియొకప్పుడు రెక్కలు చప్పుడగునట్లు కొట్టుకొనుచు నిట్టనిలువుగా పైకెగిరి, రెక్కలు చాచి తేలుచు దిగివచ్చును.

చలికాలపు ఎండలో నేలమీద ఒక ప్రక్కకు ఒరిగి, ఒక రెక్క పైకెత్తి పండుకొనియుండును. దెబ్బ తగిలినదని పిల్లలు పరుగెత్తి పోదురు; అది ఎండ కాచుకొనుచున్నది, అంతే. తొలకరి జల్లు పడినప్పుడును అట్లే రెక్క ఎత్తి చంక తడుపుకొనును.

4. ఆహారమును నీళ్లును

గువ్వ ముఖ్యాహారము నేలరాలిన గింజలు. వాటిలోను గడ్డిగింజలు ఎక్కువ. మనము కలుపు అని పీకివేయు మొక్కల విత్తులు, కళ్లములో రాలిన జొన్న, సజ్జ, కొఱ్ఱ, వాకిట చేటనుండి జారిన నూకలు, ఇవి దాని భోజనము. చీమలను, చెదలను, చిన్న పురుగులనుకూడ కొంచెముగా తినును. చిలుకవలె కంకిని పట్టుకొని చీల్చుటకు దానికి ముక్కు చాలదు. జీనువాయి పిట్టవలె వెన్నుమీద వ్రేలాడి తినుట దానికి చేతకాదు. రాలినదానిని ఏరుకొనుట దాని వృత్తి.

విత్తనాలు చల్లినప్పుడు మట్టి కప్పని గింజలను గువ్వలు ఏరుకొనుట నిజమే. రైతు దానికి కోపపడుటయు సహజమే. అయితే గొఱ్ఱుతో వేసి చక్కగా పూడ్చిన విత్తనమును గువ్వ త్రవ్వి తీయలేదు, ఏలయనగా కోడివలె కాళ్లతో గీకుట దానికి తెలియదు. పైన మిగిలినదే దానికి దొరకును. సంవత్సరము పొడుగున అది తినివేయు కలుపు విత్తులను కూడ లెక్కలో వేసికొనినయెడల రైతు కోపము కొంత చల్లారును.

గింజను అది నమలదు. పండ్లు లేవు గదా. మ్రింగిన గింజ మొదట మెడ క్రింది సంచిలో చేరి నానును. అక్కడనుండి కందనకాయలోనికి దిగును. అది మ్రింగిన సన్నని రాళ్లు అక్కడ తిరుగలివలె పనిచేసి గింజను పిండి చేయును. గువ్వ బాటమీద ఇసుక ఏరుట మనము చూచినప్పుడు అది తిరుగలికి రాయి తెచ్చుకొనుచున్నదని గ్రహింపవలెను.

ఎండు గింజలు తినునది గనుక దానికి ప్రతిదినము నీళ్లు కావలెను. ఇప్పుడు మా మొదటి ప్రశ్నకు జవాబు. కోడి నీళ్లు త్రాగుట చూడుడి: ముక్కు ముంచును, తల ఆకాశమువైపు ఎత్తి మ్రింగును, మరల ముంచును. చాల పక్షులు అట్లే త్రాగును. గువ్వయు పావురమును అట్లు చేయవు. ముక్కు నీళ్లలో ముంచి, తల ఎత్తకయే, ఎద్దు తొట్టిలో మూతిపెట్టి త్రాగినట్లు పీల్చి త్రాగును. నిమిషములోనే దప్పి తీర్చుకొని పోవును. నీటియొద్ద ఎంత తక్కువ సమయము నిలిచిన, పిల్లికిని డేగకును అంత తక్కువ అవకాశము.

5. గూడు

గువ్వ గూడంత పేద గూడు మరియొకటి లేదు. గిజిగాడు నేసినట్లు నేయదు, కాకివలె బరువైన పుల్లలు పేర్చదు. రేగుపొదలోనో, కరివేప చెట్టుమీదనో, చూరు క్రింది దూలముమీదనో, కిటికీ గట్టుమీదనో గుప్పెడు సన్నపుల్లలు అడ్డదిడ్డముగా పరచును. ఒక్కొక్కప్పుడు క్రిందనుండి చూచినయెడల పుల్లల సందులలోనుండి గుడ్లు తెల్లగా కనబడును.

పేద గూడైనను కట్టు విధానము చూడదగినది. పుల్లలు తెచ్చునది మగది, అమర్చునది ఆడది. మగది ఒక్కొక్క పుల్ల ఏరి, నచ్చనిదానిని పారవైచి, నచ్చినదానిని తెచ్చి ఆడదానికి అందించును. ఆడది కూర్చున్నచోటనుండియే దానిని తన చుట్టు దోపుకొనును. ఇట్లు కొద్ది దినములలో పని ముగియును.

ఆడది రెండు తెల్లని గుడ్లు పెట్టును. సుమారు రెండు వారములు పొదుగవలెను. ఇక్కడ మా రెండవ ప్రశ్న. ఏ పూట చూచినను గూటిలో ఒక గువ్వ కదలక కూర్చుండియుండును. అయ్యో, తల్లి తిండిలేక దినమంతయు ఒక్కటే కూర్చున్నది అని మన స్త్రీలు జాలిపడుదురు. ఆడదానికిని మగదానికిని రూపభేదము లేదని పైన చెప్పితిమి గదా. అందుచేతనే ఈ పొరపాటు. నిజమేమనగా, రాత్రియంతయు పొదుగునది ఆడది. ప్రొద్దెక్కిన తరువాత మగది వచ్చి, ఆడదానిని లేపి, తాను కూర్చుండి, సాయంకాలము సమీపించువరకు పొదుగును. మనము పట్టపగలు చూచునది చాలమట్టుకు తండ్రి. ఒకటి లేచిన వెంటనే మరియొకటి కూర్చుండును గనుక మనకు ఒక్కటే పక్షివలె తోచును.

6. తండ్రియు పాలిచ్చును

మూడవ ప్రశ్నకు వచ్చితిమి. గుడ్డు పగిలి వచ్చిన గువ్వపిల్ల కన్ను తెరవనిది, ఒంటినిండ ఈకలు లేనిది, తల నిలుపలేనిది. దానికి ఎండు గింజ పెట్టినయెడల అరుగదు. చాల పక్షులు తమ పిల్లలకు మెత్తని పురుగులు తెచ్చిపెట్టును. గువ్వ గింజలు తిను పక్షి. పిల్లకు సరిపడు పురుగులను వెదకి తెచ్చుట దాని వృత్తి కాదు. మరి ఏమి పెట్టును?

పాలు పెట్టును. పిల్లలు పుట్టుటకు రెండు మూడు దినములు ముందుగా, మెడ క్రింది తిండిసంచి లోపలి పొర మందమై, దానినుండి జున్నువలె చిక్కని పదార్థము ఊరును. పిల్ల తన ముక్కును తలిదండ్రుల నోటిలోనికి దూర్చి దానిని త్రాగును. దీనిలో మాంసకృత్తులును క్రొవ్వును ఆవుపాలలోకంటె చాల ఎక్కువ. మొదటి నాలుగైదు దినములు పిల్లకు ఇదే ఆహారము. తరువాత నానిన గింజలు కొంచెము కొంచెముగా కలిపి, క్రమముగా గింజలకు అలవాటు చేయును. రెండు వారములు దాటిన తరువాత పిల్లలు గూడు విడుచును. మన యిండ్లలో తల్లి తన బిడ్డకు పాలు తగ్గించుచు మెత్తని అన్నము అలవాటు చేయు క్రమము ఇదియే గదా.

ఇందులో మిక్కిలి ఆశ్చర్యమైన సంగతి ఏమనగా, ఈ పాలు తల్లికి మాత్రమే గాక తండ్రికిని ఊరును. తండ్రి తల్లితో సమానముగా పిల్లలను పాలతో పోషించును. 1933లో అమెరికా దేశపు ఆస్కార్ రిడిల్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోటివారును పావురములయొక్క ఈ తిండిసంచిని పరీక్షించుచు, పాలు ఊరునట్లు చేయు రసమును గుర్తించి, దానికి ప్రొలాక్టిన్ అని పేరు పెట్టిరి. స్త్రీలకు ప్రసవమైన తరువాత స్తన్యము కలిగించునదియు ఈ రసమే. గువ్వజాతిలోను పావురముల జాతిలోను దేవుడు ఈ భాగ్యమును తండ్రికి కూడ పంచియిచ్చెను. పక్షులలో ఇట్టివి బహు కొద్ది. మన పులికాటు సరస్సునకు వచ్చు రాజహంసలు వాటిలో ఒకటి.

ఇప్పుడు లెక్క వేయుడి. గూటిలో రెండు పిల్లలున్నవి. ఒకటి కాపలా, ఒకటి మేత, పగలు తండ్రి, రాత్రి తల్లి, పాలు ఇద్దరివి. పిల్లలు పుట్టిన ఆ మొదటి దినములలో ఇద్దరిలో ఒకటి చచ్చినదనుకొనుడి. మిగిలినది మేతకు పోయినయెడల పిల్లలు చలికి చచ్చును, లేదా కాకి తన్నుకొనిపోవును. పోనియెడల తన కడుపు ఎండును, పాలు ఎండును. పిల్లవాడు ఉండేలుతో ఒక్క గువ్వను కొట్టి, ఒక్కదానినే కొట్టితిననుకొనును. అనేక పర్యాయములు ఆ ఒక్క రాతితో మూడు ప్రాణములు పోవును.

7. గువ్వనుగూర్చి వాడుకలోనున్న మాటలు

గువ్వ ఇంటిలో గూడు పెట్టుట అరిష్టమని కొందరు అందురు. గుప్పెడు పుల్లలు ఒక యింటికి కీడు తేలేవు. గువ్వ ఇంటిని ఎన్నుకొనుట, ఆ యింటివారు తరుమరని దానికి తెలిసినందుచేతనే. పిల్లలు ఎగిరిపోయిన తరువాత పుల్లలు తీసి కడిగివేసికొనవచ్చును. అంతవరకు ఓర్చుకొనుట నెల దినముల పని.

గువ్వకు కోపమే లేదని, పోట్లాడదని బోధించువారు కలరు. చూడక బోధింపరాదు. మగ గువ్వలు మేతచోటను గూటిచోటను ఒకదానినొకటి ముక్కుతో పొడుచుకొని రెక్కలతో చఱచుకొనును. జంటలో ఒకటి చచ్చినయెడల రెండవది మరల జత కూడదని చెప్పు మాటయు నిజము కాదు; మరియొక జత దొరకినప్పుడు కూడును. అయితే జత కూడియున్నంతకాలము రెండును విడువక కలిసి పనిచేయుట నిజము, మనకు కావలసిన పాఠము అదే.

గువ్వకును పావురమునకును పిత్తాశయము లేదు. పూర్వకాలపు బోధకులు దీనిని విని, దానిలో చేదు లేదు గనుక కపటము లేదని చెప్పుచుండిరి. చేదు నిలువచేయు తిత్తి లేదనుట సత్యమే. కాని పిత్తము దాని కాలేయములో ఊరి నేరుగా పేగులోనికి దిగును. అందరికిని కలుగు చేదు దానికిని కలుగును. కూడబెట్టుకొను సంచి మాత్రము దానికి లేదు. ఇట్లు సరిగా చెప్పుకొనినను బోధకు నష్టము లేదు.

8. వేదములో గువ్వ

పాలస్తీనాలో గువ్వలు అనేక విధములు. వాటిలో ఒకటి వలసపోవు గువ్వ. శీతకాలము ఆఫ్రికాలో గడిపి వసంతకాలమున, ఇంచుమించు ఏప్రిల్ నెలలో, పాలస్తీనాకు వచ్చును. హెబ్రీ భాషలో దాని పేరు తోర్; ఆ పేరు దాని కూతనుండియే వచ్చినదని పండితులు చెప్పుదురు. యిర్మీయా 8:7లో ప్రవక్త, కాలము తప్పక వచ్చు పక్షులలో దీనిని చేర్చి, ఆ పక్షులకున్నపాటి తెలివి తన జనులకు లేదని దుఃఖించెను. మన పెరటి గువ్వ వలసపోదు. పుట్టిన ఊరి పొలిమేరలోనే బ్రదుకును. కనుక ఆ వచనము చదువునప్పుడు మన గువ్వను గాక దాని చుట్టమైన ఆ బాటసారి గువ్వను తలంచుకొనవలెను. పావురమునకు హెబ్రీ పేరు యోనా. నీనెవెకు పంపబడిన ప్రవక్త పేరు ఇదే.

లేవీయకాండము 12వ అధ్యాయము ప్రసవించిన స్త్రీనిగూర్చినది. ఆమె గొఱ్ఱెపిల్లను తేవలెను, దానితోకూడ ఒక పక్షిని తేవలెను. గొఱ్ఱెపిల్లను తెచ్చుటకు శక్తి లేనియెడల రెండు గువ్వలైనను రెండు పావురపు పిల్లలైనను చాలునని ధర్మశాస్త్రము సెలవిచ్చెను. పావురమును ఇంటిగోడలో గూడు చేసి పెంచుకొనవచ్చును. గువ్వను వలపన్ని పట్టవచ్చును. మంద లేని యింటికి ఇవి అందుబాటులో నుండెను. లూకా 2వ అధ్యాయములో యోసేపు మరియలు శిశువును తీసికొని దేవాలయమునకు పోయినప్పుడు లూకా గొఱ్ఱెపిల్ల మాట ఎత్తక ఈ పక్షుల మాటనే వ్రాసెను. ఆ యింటి బీదతనము ఆ ఒక్క వివరముచేత మనకు తెలియుచున్నది. ప్రసవించిన తల్లియు, ప్రక్కన నడచు తండ్రియు, చేతిలో రెండు పక్షులు: మన సంఘములలోని కూలి జనులకు ఈ చిత్రము దూరమైనది కాదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో చిన్నదైన ఒక ఆజ్ఞ కలదు. త్రోవలో చెట్టుమీదనైనను నేలమీదనైనను పక్షి గూడు కనబడి, పిల్లలమీదనో గుడ్లమీదనో తల్లి కూర్చుండియుండగా, తల్లిని పిల్లలతోకూడ తీసికొనరాదు. ఆకలిగొన్నవాడు సహితము గూటిని మొత్తముగా నాశనము చేయరాదని దీని భావము. తినుటకు హద్దు కలదు. వంశము త్రుంచివేయుటకు సెలవు లేదు. ఉండేలు పట్టిన పిల్లవానికి ఈ రెండు వచనములు చదివి వినిపించుట తండ్రి పని.

9. మనము చేయవలసినది

గువ్వలు ఎన్నియో ఉన్నవి గదా, కొన్ని చచ్చిన ఏమి అని కొందరు అడుగుదురు. అమెరికాలో ఒక జాతి పావురములు కోట్లకొలది, గుంపు ఎగిరినప్పుడు ఆకాశము కప్పునన్ని యుండెను. జనులు అడవులు నరికి, ఎడతెగక వేటాడిరి. 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి పట్టణపు జంతుశాలలో చివరి పక్షి చనిపోయెను. ఆ జాతి భూమిమీద లేదు. యిర్మీయా చెప్పిన వలస గువ్వయే బ్రిటను దేశములో 1960ల నాటితో పోల్చగా నూటికి 95కంటె ఎక్కువగా తగ్గిపోయెను. పొలములలో కలుపు గింజలు లేకపోవుట, వలసత్రోవలో వేటాడుట అందుకు ముఖ్య కారణములలో చేరినవి. మన పెరటి గువ్వ నేటికి విస్తారముగానే యున్నది. విస్తారముగా నున్నప్పుడే కాపాడుట సులువు.

మొదటిది, మందు పట్టించిన విత్తనము. పురుగు తగులకుండ విత్తనములకు మందు పూసి అమ్ముచున్నారు, మనమును పూయుచున్నాము. గువ్వకు మందు తెలియదు. రంగు గింజయు దానికి గింజయే. విత్తిన తరువాత చాలులో పైకి కనబడు గింజలను కప్పవలెను. సంచిలో మిగిలినదానిని గట్టుమీద పారబోయక, బావికిని చెరువుకును దూరముగా లోతుగా గుంట తీసి పూడ్చవలెను. ఆ గింజ మన కోళ్లకును ప్రాణాంతకమే, పిల్లల చేతికిని తగనిదే.

రెండవది, ఉండేలు. 1972లో చేయబడిన వన్యప్రాణి సంరక్షణ చట్టము మన గువ్వలను వేటాడుటను, పట్టి పంజరములో నుంచుటను నిషేధించుచున్నది. అయితే పోలీసు భయముకంటె మొదట తెలివి కలుగవలెను. గురిచూచుట నేర్వగోరు పిల్లవానికి కొబ్బరిచిప్ప కొమ్మకు కట్టి చూపుడి. గువ్వ పాల సంగతి చెప్పుడి. తండ్రి పాలిచ్చు సంగతి విన్న పిల్లవాడు మరల రాయి పెట్టుటకు ముందు ఒక క్షణమైనను ఆగును.

మూడవది, నీళ్లు. ఎండకాలములో వెడల్పైన మట్టిమూకుడు నీడలో, పిల్లి పొంచుటకు చాటు లేనిచోట పెట్టుడి. లోతు రెండు వ్రేళ్లు చాలును. ప్రతిదినము కడిగి మార్చుడి, దోమలకు తావియ్యకుడి.

నాలుగవది, గూడు. చేత కదపక దూరమునుండి చూడుడి. ఈకలు సరిగా రాని పిల్ల క్రిందపడినయెడల గూటిలో పెట్టి తొలగిపోవుడి. పాలుగాని అన్నముగాని దాని నోట పోయకుడి. దాని ఆహారము దాని తలిదండ్రులయొద్దనే యున్నది.

ఇక మనుష్యుల గూటి మాట. మన గ్రామములలో బిడ్డను పెంచుట స్త్రీ పనియని విడిచిపెట్టు వాడుక కలదు. బాలింతరాలు రాత్రియంతయు మేలుకొని, తెల్లవారగానే నీళ్లు మోసి, పొయ్యి ముట్టించి, కూలికి కూడ పోవుచున్నది. తండ్రి అరుగుమీద కూర్చుండి పిల్ల ఏడుపు మాన్పుమని కేకవేయుచున్నాడు. మేము ఇండ్లు దర్శింప పోయినప్పుడు ఇట్టివి చూచుచున్నాము. పురుషునికి దేవుడు పాలియ్యలేదు, చేతులిచ్చెను. బిందెడు నీళ్లు తెచ్చుటకు, బిడ్డను ఎత్తుకొని తల్లిని రెండు గంటలు నిద్రపోనిచ్చుటకు, వచ్చిన కూలిలో మొదటి భాగము ఆమె భోజనమునకు ఖర్చుపెట్టుటకు ఆ చేతులు చాలును. నూరు గ్రాముల బరువులేని పక్షి ప్రొద్దెక్కగానే వచ్చి తన జతను లేపి ఆమె చోటున తాను కూర్చుండుచున్నది. ప్రియ సహోదరులారా, ఆ వంతు మన యింటిలో ఎవరు తీసికొనుచున్నారు?

ఆదివారపు బడికిని గృహకూటములకును ప్రశ్నలు

1. మన ఊరిలో ఎన్ని విధముల గువ్వలు కనబడుచున్నవి? ఒక్కొక్కదాని గురుతు ఏమి?
2. కోడి నీళ్లు త్రాగుటకును గువ్వ త్రాగుటకును భేదమేమి? ఈ వారము చూచి చెప్పుడి.
3. గూడు కట్టుటలో మగదాని పని ఏది, ఆడదాని పని ఏది? పగలు పొదుగునది ఏది?
4. గువ్వపిల్ల మొదటి దినముల ఆహారమేమి? అది ఎవరు ఇత్తురు?
5. ఒక గువ్వను కొట్టినయెడల మూడు ప్రాణములు ఎట్లు పోవును?
6. లూకా 2:24లోని పక్షులు ఆ యింటివారి స్థితినిగూర్చి ఏమి తెలుపుచున్నవి?
7. మన సంఘములో ఈ సంవత్సరము ప్రసవించిన తల్లులెవరు? వారి యింటి పనిలో భర్తలును ఇరుగుపొరుగువారును ఏ వంతు తీసికొనగలరు? పేరు పేరున మాటలాడుకొనుడి.